డ్రాబార్‌కు ఎక్కువ, నట్టుకు తక్కువ: చిన్న మిల్లింగ్ మిషన్‌లో కాలెట్ ఎందుకు పట్టేస్తుంది, ఎందుకు జారుతుంది

సంక్షిప్తంగా: బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషన్లలో కాలెట్, అంటే కట్టర్‌ను పట్టుకునే బిగింపు గొట్టం, రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. విప్పాల్సినప్పుడు ఊడిరాదు, పట్టుకోవాల్సినప్పుడు కట్టర్‌ను వదిలేస్తుంది. రెండింటికీ మూలం టేపర్ (ఒక చివరికి సన్నబడే వాలు) కోణంలోనూ, బిగించే మర వ్యాసంలోనూ ఉంది. మోర్స్ రకం టేపర్‌ను పైకి లాగే డ్రాబార్ బోల్టును అవసరానికి మించి బిగించడం, ఈఆర్ రకం కాలెట్ నట్టును అవసరమైనంత బిగించకపోవడం ఈ రెండు ఇబ్బందులకూ దారితీసే మామూలు పొరపాట్లు.

సిరిసిల్ల మరమగ్గం షాఫ్టు ఒకటి పనికి వచ్చిందనుకుందాం. షాఫ్టు వ్యాసం 20 మిల్లీమీటర్లు. ప్రామాణిక పట్టిక ప్రకారం దానికి 6 మిల్లీమీటర్ల కీ (షాఫ్టునూ చక్రాన్నీ కలిపి తిప్పే కడ్డీ ముక్క) వస్తుంది, షాఫ్టులో గాడి లోతు 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఈఆర్ కాలెట్‌లో ఎండ్ మిల్ (గాడి కోసే కట్టర్) బిగించి, లోతు పెట్టి, టేబుల్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు నడిపారు. కొలిస్తే మొదట్లో 3.5 ఉన్న గాడి చివరకు వచ్చేసరికి 4.1 అయింది. లోతు హ్యాండిల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. డయల్ సున్నా దగ్గరే ఉంది. కట్టర్ మాత్రం కాలెట్‌లోంచి మెల్లగా కిందికి దిగింది.

అదే మిషన్ మీద సాయంత్రం ఇంకో సమస్య ఎదురవుతుంది. ఈసారి స్పిండిల్‌లో (కట్టర్‌ను తిప్పే ఇరుసులో) నేరుగా మోర్స్ కాలెట్ ఉంది. డ్రాబార్ విప్పారు, పైన బోల్టు వదులుగా ఆడుతోంది, కింద కాలెట్ మాత్రం కదలదు. సుత్తి అందుకుంటారు. రెండు దెబ్బలు, నాలుగు దెబ్బలు. ఊడి వస్తుంది కానీ, ఆ దెబ్బలు ఎక్కడికి వెళ్లాయో వెంటనే తెలియదు.

పొద్దున జారిన మిషన్ సాయంత్రం పట్టేయడం వింతగా అనిపిస్తుంది. అందుకే ఎంత బిగించాలన్న ప్రశ్నకు ఎవరిని అడిగినా వేరే సమాధానం వస్తుంది. ఏ టేపర్ గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోకపోవడమే ఈ గందరగోళానికి మొదటి కారణం.

పలచటి చీల, మొద్దు చీల

కాలెట్ అంటే నిలువునా చీలికలు కోసిన ఉక్కు గొట్టం. బయటి వైపు ఒక చివరికి సన్నబడుతూ ఉంటుంది. అదే ఆకారంలో ఉన్న గుంటలోకి దాన్ని లాగినా, నెట్టినా చీలికలు దగ్గరై లోపలి కట్టర్ కాడను నొక్కి పట్టుకుంటాయి. లాగే పని డ్రాబార్‌ది. స్పిండిల్ మధ్యగా పైనుంచి దిగే పొడవాటి బోల్టు అది. నెట్టే పని ఈఆర్ రకంలో ముందు ఉండే నట్టుది.

గొడ్డలి కామలో కొట్టే చీల పలచగా ఉంటే దిగి అక్కడే నిలిచిపోతుంది. మొద్దుగా ఉంటే నాలుగు వేట్లకే ఎగిరి బయటపడుతుంది. టేపర్ల సంగతీ ఇంతే. ఉక్కు మీద ఉక్కుకు ఘర్షణ గుణకం సుమారు 0.14 అనుకుంటే, దానికి సరిపడే కోణం 8 డిగ్రీలు. టేపర్ గోడ వాలు అంతకన్నా బాగా తక్కువైతే, లాగే బలం తీసేసినా అది తనంతట తాను పట్టుకునే ఉంటుంది. అంతకన్నా ఎక్కువైతే వదిలేస్తుంది.

మోర్స్ టేపర్ గోడ వాలు ఒకటిన్నర డిగ్రీలకు కాస్త తక్కువ. చాలా పలచటి చీల. అమెరికాకు చెందిన స్టీఫెన్ మోర్స్ 1860ల్లో దీన్ని రూపొందించింది డ్రిల్లుల కోసం. డ్రిల్లు పని చేస్తున్నంతసేపూ జాబ్ (కోసే ముక్క) దాన్ని పైకి, అంటే టేపర్‌లోకే నెడుతూ ఉంటుంది. కాబట్టి డ్రాబార్ అవసరమే రాలేదు. మిల్లింగ్‌లో బలం పక్క నుంచి వస్తుంది. పైగా కుడి చేతి మెలిక ఉన్న మామూలు ఎండ్ మిల్ తిరుగుతూ తనను తాను కిందికి లాక్కుంటుంది. డ్రిల్లు కోసం పుట్టిన టేపర్‌ను మిల్లింగ్‌కు వాడుకోవడానికి డ్రాబార్ తగిలించాల్సి వచ్చింది. ఇబ్బంది అక్కడే మొదలైంది.

ఈఆర్ కాలెట్‌ను స్విట్జర్లాండ్‌కు చెందిన రెగో-ఫిక్స్ 1973లో తెచ్చింది. దీని గోడ వాలు సరిగ్గా 8 డిగ్రీలు, అంటే నిలవడానికీ వదలడానికీ మధ్య గీత మీద ఉంది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ తన మిల్లింగ్ మిషన్ల కోసం రూపొందించిన ఆర్8 గోడ వాలు దాదాపు ఎనిమిదిన్నర డిగ్రీలు. పెద్ద మిల్లింగ్ మిషన్లలో కనిపించే ఐఎస్ఓ 40 టేపర్ కూడా ఇంచుమించు అంతే. కాజీపేట లోకో షెడ్డులోనో, సింగరేణి వర్క్‌షాపులోనో పెద్ద మిషన్ల మీద చేయి తిరిగినవారికి అలవాటైనది ఈ మొద్దు చీల. డ్రాబార్‌ను బలంగా బిగించు, విప్పి చిన్న దెబ్బ కొట్టు, కిందికి వచ్చేస్తుంది. ఆ మిషన్ మీద ఆ అలవాటులో తప్పేమీ లేదు. అదే చేతిబలాన్ని మోర్స్ 2 లేదా 3 నంబరు టేపర్ ఉన్న చిన్న మిషన్ మీద చూపిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

ఒకే మెలి, దాదాపు ఆరింతల తేడా

ఈ లెక్కను కాగితం మీద వేసి చూడొచ్చు. బోల్టును తిప్పే టార్క్‌ను (మెలి బలాన్ని) దాని వ్యాసంతోనూ, 0.2 అనే వాడుక గుణకంతోనూ భాగిస్తే అది లాగే బలం సుమారుగా వస్తుంది. 12 మిల్లీమీటర్ల డ్రాబార్‌ను 30 న్యూటన్ మీటర్లతో బిగిస్తే 12,500 న్యూటన్లు, అంటే టన్నుంబావు పైన లాగుతుంది. ఈఆర్32 నట్టు మర వ్యాసం 40 మిల్లీమీటర్లు. అంతే లాగుడు రావాలంటే దాన్ని 100 న్యూటన్ మీటర్లతో బిగించాలి. మర లావైన కొద్దీ మన మెలి పలచబడుతుంది.

అక్కడితో అయిపోలేదు. లాగిన బలాన్ని టేపర్ పక్కకు తిప్పి కాడ మీద నొక్కుతుంది. మోర్స్ పలచటి చీల ఘర్షణ పోను ఆ బలాన్ని ఆరు రెట్లు చేస్తుంది. ఈఆర్ మూడున్నర రెట్లే చేస్తుంది. రెండూ కలిపితే, ఒకే పానాతో ఒకే ఊపున తిప్పినప్పుడు మోర్స్ కాలెట్‌లో వచ్చే పట్టు ఈఆర్32లో వచ్చేదానికి దాదాపు ఆరింతలు.

చాలా తికమక ఇక్కడే తేలిపోతుంది. చెయ్యి రెండింటికీ ఒకే బలం పెడుతుంది. మణికట్టుకు రెండూ ఒకేలా గట్టిగా ఉన్నట్టు అనిపిస్తాయి. ఒకటి పట్టేస్తుంది, ఇంకొకటి జారుతుంది.

మోర్స్‌కు నిజంగా ఎంత కావాలి? 20 న్యూటన్ మీటర్లతో బిగిస్తే 8,300 న్యూటన్ల లాగుడు, ఆరు రెట్లతో 50,000 న్యూటన్ల నొక్కుడు. కాడ మీద ఘర్షణను 0.1గా తగ్గించి లెక్కేసినా, 10 మిల్లీమీటర్ల కట్టర్ తిరిగి జారాలంటే 25 న్యూటన్ మీటర్లు కావాలి. 350 వాట్ల మోటారు 500 ఆర్‌పీఎం దగ్గర ఇవ్వగలిగేది ఏడు లోపే. కాలెట్ వంగడానికి కొంత బలం పోయినా, కోతలో కుదుపులు వచ్చినా మార్జిన్ మిగులుతుంది. పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచే పని చిన్న మిషన్‌కు దండగ.

ఈఆర్ వైపు కథ తలకిందులు. పేరున్న తయారీదారుల పట్టికల్లో ఈఆర్32 నట్టుకు గరిష్ఠంగా 136 న్యూటన్ మీటర్ల దాకా, ఈఆర్25కు 104, ఈఆర్16కు 56 దాకా ఉంటుంది. సన్నటి కాడలకు తక్కువే చాలు. మామూలుగా కారు చక్రం నట్టుకు పెట్టే టార్క్ 100 చుట్టూ ఉంటుందంటే, ఈ అంకె ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. 25 సెంటీమీటర్ల పానా చివర 40 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది దాదాపు 100. మిషన్‌తో వచ్చే పొట్టి పానాతో ఒంటి చేత్తో తిప్పితే ఇందులో సగం కూడా రాదు. మొదట్లో చెప్పిన గాడి 4.1 అయిన తీరు ఇదే.

ఇంత బలం పెట్టేటప్పుడు స్పిండిల్ తిరగకుండా ఆపాలి కదా. చిన్న మిషన్లలో అందుకు ఒక సన్నటి పిన్ను ఇస్తారు. కొన్నింట్లో మోటారుకూ స్పిండిల్‌కూ మధ్య ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. 100 న్యూటన్ మీటర్లు ఆ పిన్ను మీదో, ఆ గేరు పళ్ల మీదో పడితే ముందు విరిగేది అవే. కాబట్టి రెండు పానాలు వాడాలి. ఒకటి ఈఆర్ చక్ (కాలెట్ కూర్చునే గుంట ఉన్న హోల్డర్) ఒంటి మీద చదునుగా కోసిన చోట, రెండోది నట్టు మీద. రెండు పిడులనూ కత్తెరలా దగ్గరగా పెట్టి కలిపి నొక్కితే బలమంతా చక్‌కూ నట్టుకూ మధ్యే తిరిగి పోతుంది, మిషన్‌కు తగలదు. చక్ మీద చదును లేకపోతే దాన్ని విడిగా వైస్‌లో పట్టి బిగించి ఆ తర్వాత స్పిండిల్‌కు ఎక్కించడం మేలు.

విప్పేటప్పుడు దెబ్బ ఎక్కడికి పోతుంది

పలచటి చీల లాగుడు తీసేసినా వదలదని చెప్పుకున్నాం. ఎంత పట్టుకుంటుందో కూడా అదే లెక్క చెబుతుంది. మోర్స్‌ను బయటికి తోయడానికి కావలసిన బలం, లోపలికి లాగిన బలంలో దాదాపు 70 శాతం. 12,500 న్యూటన్లతో లాగితే ఊడదీయడానికి 8,700 కావాలి. ఆర్8లో ఈ సంఖ్య సున్నా దగ్గరకు వస్తుంది, పైన చిన్నగా తట్టితే చాలు. అదీ రాకపోతే టేపర్ మీద రజనో, గీతో ఉందని అర్థం. ఆర్8 స్పిండిల్ లోపల ఒక చిన్న పిన్ను కాలెట్ గాడిలో కూర్చుంటుంది. బిగించేటప్పుడు కాలెట్ తిరగకుండా ఆపడమే దాని పని, కోత బలాన్ని మోయడం కాదు. అది నలిగి అడ్డం పడితే కాలెట్ టేపర్ వల్ల కాకుండా పిన్ను వల్ల ఇరుక్కుంటుంది. ఎంత కొట్టినా లాభం ఉండదు.

మోర్స్ దగ్గరకు వద్దాం. డ్రాబార్‌ను ఎన్ని చుట్లు వదులు చేసి కొట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల మామూలు మరకు ఒక చుట్టు 1.75 మిల్లీమీటర్లు. కాలెట్ విడిపోవడానికి కదలాల్సింది అందులో చిన్న వంతే. అర చుట్టు, మహా అయితే ఒక చుట్టు చాలు. దాదాపు పూర్తిగా విప్పేసి కొడితే దెబ్బంతా చివర మిగిలిన రెండు చూడీల (మర చుట్ల) మీద పడుతుంది. అవి నలిగాక డ్రాబార్ మళ్లీ ఎక్కదు. అసలు చూడీలే లేకుండా విప్పి కొడితే ఇంకో ప్రమాదం ఉంది. కాలెట్, కట్టర్ కలిసి ఒక్కసారిగా కింద పడతాయి. కార్బైడ్ ఎండ్ మిల్ వైస్ దవడ మీద పడితే మూల ఎగిరిపోతుంది, చేత్తో పట్టుకోబోతే చెయ్యి తెగుతుంది. మిషన్ ఆపి ఉన్నప్పుడు వైస్ మీద పాత జంపఖానా ముక్క ఒకటి పరిచి పెడితే రెండూ తప్పుతాయి. జంపఖానాలు నేసే వరంగల్ కొత్తవాడ ఉన్న ఊళ్లో దానికి కొరత లేదు.

ఇక దెబ్బ సంగతి. పైన కొట్టిన సుత్తి బలం డ్రాబార్ నుంచి కాలెట్‌కు, అక్కడ టేపర్ పట్టు ద్వారా స్పిండిల్‌కు, స్పిండిల్ నుంచి బేరింగులకు పోతుంది. స్పిండిల్‌ను నిలబెట్టేది అవే మరి. చాలా చిన్న మిషన్లలో ఉండేవి మామూలు బాల్ బేరింగులు. బంతి, రింగు తాకేది చుక్కంత చోట. తిరగకుండా ఆగి ఉన్న బేరింగు మీద పదే పదే దెబ్బ పడితే బంతులు నిల్చున్న చోటల్లా రింగులో సన్నటి గుంటలు పడతాయి. మొదట ఏమీ తెలియదు. కొన్నాళ్లకు స్పిండిల్‌ను చేత్తో తిప్పితే గరగరలాడినట్టు తగులుతుంది, మిల్లింగ్ చేసిన ముఖం మీద సమాన దూరంలో అలల్లాంటి గీతలు వస్తాయి. అప్పటికి కాలెట్‌ను, కట్టర్‌ను అనుమానిస్తారు తప్ప సుత్తిని ఎవరూ తలచుకోరు.

ఇత్తడి సుత్తి వాడితే డ్రాబార్ తల నలగదు, అంతవరకు మంచిదే. బేరింగుకు మాత్రం ఇనుమైనా ఇత్తడైనా దెబ్బ దెబ్బే.

సుత్తి లేకుండా టేపర్‌ను విడదీసే ఉపాయం లేత్ మీద పనిచేసే ప్రతి టర్నర్‌కూ తెలుసు. లేత్ చివరి ఆధారమైన టెయిల్‌స్టాక్‌లో సెంటర్ (జాబ్‌ను ఆపే మొన) తీయాలంటే ఎవరూ కొట్టరు. చక్రాన్ని వెనక్కి తిప్పితే లోపలి మర వచ్చి సెంటర్ వెనుక తగిలి దాన్ని బయటికి నెడుతుంది. డ్రిల్లింగ్ మిషన్‌లో అయితే స్లీవ్ పక్కనున్న సందులో డ్రిఫ్ట్ అనే పలచటి చీలను దూర్చి తడతారు. రెండూ మోర్స్ టేపర్లే. మిల్లింగ్ స్పిండిల్‌లో ఆ సందు లేదు, వెనక్కి తిప్పే మరా లేదు. పైన మాత్రం ఖాళీ ఉంది. డ్రాబార్ తల కింద ఒక కాలర్ ఉంచి, ఆ కాలర్ పైకి లేవకుండా స్పిండిల్ పైభాగానికి ఒక టోపీ బిగిస్తే పని అయిపోతుంది. డ్రాబార్ విప్పుతుంటే అది పైకి రావాలని చూస్తుంది, టోపీ ఆపుతుంది, ఇక మర కాలెట్‌నే కిందికి తోస్తుంది. 8,700 న్యూటన్లు తోయడానికి కావలసిన టార్క్ 21. అంటే బిగించినదానికన్నా తక్కువే. బలమంతా డ్రాబార్, టోపీ, స్పిండిల్ మధ్యే తిరుగుతుంది, బేరింగు దాకా పోదు. మామూలు లేత్ షాపులో ఒక పూటలో టర్న్ చేయగలిగే ముక్క ఇది. చిన్న మిషన్‌కు చేసే మార్పుల్లో ముందుగా చేయదగ్గది ఇదే.

ఈఆర్ నట్టు రెండోసారి ఎందుకు బిగుస్తుంది

ఈఆర్ కొత్తగా వాడేవారు విప్పేటప్పుడు ఒక చోట ఆగిపోతారు. నట్టు మొదట గట్టిగా కదిలి, తర్వాత వదులై, చేత్తో తిరుగుతుంది. ఇంకో చుట్టు తిప్పేసరికి మళ్లీ బిగుస్తుంది. మర పాడైందేమోనని వెనక్కి బిగిస్తారు. అసలు జరిగేది వేరు. నట్టు లోపల ఒక అంచు కేంద్రం నుంచి కాస్త పక్కకు జరిపి తయారు చేసి ఉంటుంది. అది కాలెట్ మెడ మీది గాడిలో కూర్చుని, నట్టు వెనక్కి వస్తుంటే కాలెట్‌ను టేపర్‌లోంచి లాగుతుంది. గీత మీద ఉన్న 8 డిగ్రీల టేపర్ ఒక్కోసారి వదలకపోవచ్చు కాబట్టి పెట్టిన ఏర్పాటు ఇది. ఆ రెండో బిగువును దాటి పానాతో ఇంకాస్త విప్పితే కాలెట్ టక్కున వదులుతుంది.

ఈ ఏర్పాటు పని చేయాలంటే కాలెట్ ముందు నట్టులోకి చేరాలి. కాస్త వాల్చి నొక్కితే అంచు గాడిలో పడి టక్ మని శబ్దం వస్తుంది. ఆ తర్వాత చక్‌కు ఎక్కించి, కట్టర్ దూర్చి, బిగించాలి. కాలెట్‌ను ముందు చక్‌లో పడేసి పైన నట్టు బిగిస్తే అంచు గాడిలో కూర్చోదు. కాలెట్ మూతి నలుగుతుంది, కట్టర్ వంకరగా తిరుగుతుంది, విప్పినా కాలెట్ లోపలే ఉండిపోతుంది. కట్టర్ లేకుండా బిగిస్తే చీలికలు మూసుకుపోయి కాలెట్ మళ్లీ సరైన సైజుకు రాకపోవచ్చు.

అంగుళాలు, మిల్లీమీటర్లు

ఈఆర్ కాలెట్ సాధారణంగా తన సైజు నుంచి ఒక మిల్లీమీటరు కిందికి పడుతుంది. 7 అని రాసి ఉన్నది 7 నుంచి 6 వరకు. కాబట్టి పావు అంగుళం కాడకు, అంటే 6.35కు, 7 కావాలి. అర అంగుళానికి 13. మోర్స్, ఆర్8 కాలెట్లకు ఈ సాగుడు లేదు, కాడ సైజే ఉండాలి. మర విషయంలో ఇంకో చిక్కుంది. మోర్స్ 3 కాలెట్లు కొన్ని 12 మిల్లీమీటర్ల మరతో, కొన్ని 10తో, కొన్ని అంగుళంలో మూడెనిమిదో వంతు మరతో దొరుకుతాయి. మూడెనిమిదో వంతు అంటే 9.5 మిల్లీమీటర్లు. ఆ డ్రాబార్ 10 మిల్లీమీటర్ల కాలెట్‌లో వదులుగా కొన్ని చుట్లు తిరుగుతుంది, సరిపోయినట్టే ఉంటుంది. బిగించినప్పుడు చూడీలు పోతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా డ్రాబార్‌ను చేతిలో పెట్టుకుని చూసుకోవాల్సిన విషయం ఇది.

ఎండాకాలం, ముసురు

రేకుల షెడ్డులో గంటసేపు వేగంగా తిరిగిన స్పిండిల్ గదికన్నా 20 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. అప్పుడు పెట్టెలోంచి చల్లటి కాలెట్ తీసి బిగించి, పని ముగించి ఇంటికి పోతారు. రాత్రికి స్పిండిల్ చల్లారి ముడుచుకుంటుంది. మోర్స్ 3 వ్యాసం దగ్గర ఆ ముడుచుకోవడం 6 మైక్రాన్లు కూడా ఉండదు. కానీ టేపర్ ఇరవైకి ఒకటి కాబట్టి, అది కాలెట్‌ను ఇంకో 0.11 మిల్లీమీటరు లోపలికి లాగినదానితో సమానం. డ్రాబార్‌ను ఇంకో 23 డిగ్రీలు తిప్పినట్టు. పొద్దున ఊడకపోవడానికి ఇది చాలు. ముసురు పట్టిన జూలై, ఆగస్టుల్లో టేపర్ల మధ్య సన్నటి తుప్పు కూడా దీనికి తోడవుతుంది. పని అయ్యాక డ్రాబార్ వదులు చేసి కాలెట్ తీసేయడం, టేపర్‌కు పలచగా నూనె రాసి మర్నాడు బిగించే ముందు పొడిగా తుడిచేయడం ఈ రెండింటికీ విరుగుడు. కాడ మీద, కాలెట్ లోపల మాత్రం నూనె మరక ఉండకూడదు. పట్టుకునేది ఆ ఘర్షణే.

మధ్య మార్గం, దాని ఖర్చు

మోర్స్ స్పిండిల్‌లో ఒక ఈఆర్ చక్‌ను బిగించి అక్కడే ఉంచి, కట్టర్లు మార్చడమంతా ముందు నట్టుతోనే చేయడం చాలామంది ఎంచుకునే దారి. డ్రాబార్ రోజుకు ఒక్కసారే విప్పాల్సి వస్తుంది. చక్ పొడవు మేర స్పిండిల్ కింద ఎత్తు తగ్గుతుంది, కట్టర్ బేరింగుకు దూరమై కాస్త వణుకు పెరుగుతుంది. ఎత్తైన వైస్ మీద లావు జాబ్ పెట్టేవారికి ఆ తగ్గిన ఐదారు సెంటీమీటర్లే అడ్డు కావచ్చు. అలాంటి పనికి నేరుగా మోర్స్ కాలెట్ వాడక తప్పదు.

ఏ దారి ఎంచుకున్నా, పట్టు సరిపోయిందో లేదో గాడి లోతు కొలిచేదాకా ఆగనక్కర్లేదు. కట్టర్ బిగించాక మార్కర్ పెన్నుతో కాడ మీద నిలువుగా ఒక గీత గీసి దాన్ని కాలెట్ ముఖం మీదికి కలపాలి, కాలెట్ అంచు దగ్గర కాడ చుట్టూ ఇంకో గీత గీయాలి. మొదటి కోత తర్వాత మిషన్ ఆపి చూస్తే, నిలువు గీత పక్కకు తప్పితే కట్టర్ తిరిగి జారింది. చుట్టు గీత కాలెట్ అంచుకు దూరమై మధ్యలో మెరిసే కాడ కనిపిస్తే కట్టర్ కిందికి దిగింది. షాఫ్టును పక్కన పెట్టి ముందు నట్టు మీద రెండో పానా వేయాల్సింది అప్పుడే.